రైడింగ్ మోవర్ ఇంజిన్ పగ్గాల్లేకుండా పరుగెడుతుంటే: కార్బ్యురేటర్‌ను వదిలి గవర్నర్‌ను చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం, నిలువు షాఫ్టు ఉన్న సింగిల్ సిలిండర్ పెట్రోలు ఇంజిన్. చాలాకాలం పక్కన పెట్టాక సరిగా స్టార్ట్ కాకపోవడంతో కార్బ్యురేటర్ విప్పి, శుభ్రం చేసి, తిరిగి బిగించారు. ఇప్పుడు తాళం తిప్పడమే ఆలస్యం, ఇంజిన్ గావుకేకలు పెడుతూ పైవేగానికి వెళ్లిపోతోంది. చేతి లీవరును తాబేలు బొమ్మ దగ్గరికి లాగినా తగ్గడం లేదు. ఐడిల్ స్క్రూ, అంటే నెమ్మది వేగాన్ని సరిచేసే స్క్రూ, ఎంత తిప్పినా తేడా కనిపించడం లేదు. కొత్త కార్బ్యురేటర్ కొనాలా అని అడుగుతున్నారు.

కొనకండి. ఇంజిన్ వేగాన్ని నిర్ణయించేది కార్బ్యురేటర్ కాదు, గవర్నర్. కార్బ్యురేటర్ విప్పి బిగించిన తర్వాతే ఈ సమస్య మొదలైందంటే, గవర్నర్‌ను థ్రాటిల్‌కు (కార్బ్యురేటర్‌లో దారిని తెరిచి మూసే పలకకు) కలిపే లింకు కడ్డీ ఊడిపోయి ఉండాలి, లేదా స్ప్రింగు తప్పు రంధ్రంలో పడి ఉండాలి, లేదా గవర్నర్ లీవరు తన షాఫ్టు మీద జారి ఉండాలి. నా పనిబల్ల మీదికి ఇదే ఫిర్యాదుతో వచ్చే ఇంజిన్లలో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదో ఒకదానితోనే సరిపోతాయి. కొనాల్సిందేమైనా ఉంటే ఒక స్ప్రింగు ఉంటుంది, అంతే.

వెతకడానికి ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది బాగయ్యేదాకా ఆ ఇంజిన్‌తో గడ్డి కోయకండి. బ్లేడును అసలు తిప్పకండి. ఈ తరహా ఇంజిన్లకు భారం లేనప్పుడు గరిష్ఠ వేగం సాధారణంగా నిమిషానికి 3,200 నుంచి 3,600 చుట్ల మధ్య ఉంటుంది. తిరిగే భాగాల మీద పడే బలం వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 3,600 దగ్గర ఆగాల్సిన ఇంజిన్ 4,500కు చేరిందనుకోండి. వేగం పెరిగింది పాతిక శాతమే. పిస్టన్‌ను క్రాంకు షాఫ్టుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు మీద, ఫ్లైవీలు అనే బరువైన చక్రం మీద పడే బలం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. ఈ చిన్న ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్డు చాలావరకు అల్యూమినియంతో చేసినది. అది విరిగితే క్రాంక్‌కేసు (ఇంజిన్ బయటి పెట్టె) గోడను పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అప్పుడు మరమ్మతు మాట ఉండదు, ఇంజిన్ మార్చడమే. బ్లేడు సంగతి ఇంకా భయంకరం. అమెరికా భద్రతా ప్రమాణం ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. కోత శుభ్రంగా రావాలని తయారీదారులు చాలా యంత్రాల్లో ఆ హద్దుకు కాస్త తక్కువలోనే వేగం పెడతారు. ఇంజిన్ అదుపు తప్పితే ఆ హద్దు ఇట్టే చెరిగిపోతుంది. అంత వేగంలో బ్లేడుకు తగిలిన రాయి ఎవరి మీదికి ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

పరీక్ష కోసం స్టార్ట్ చేయాల్సి వస్తే ఆపే దారి ముందే తెలుసుకుని ఉండండి. మొదటి దారి తాళం. తాళంతో ఆగకపోతే చోక్ పూర్తిగా మూసేయండి, గాలి అందక ఇంజిన్ ఆగిపోతుంది. పెట్రోలు కుళాయి కట్టేసి ఆగుతుందని చూస్తూ నిలబడకండి. కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు అయ్యేదాకా అది పరుగెడుతూనే ఉంటుంది.

అసలు గవర్నర్ ఏం చేస్తుంది

ఇది అర్థమైతే మిగిలినదంతా మీకే తోచిపోతుంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

చేతి లీవరును కుందేలు బొమ్మ వైపు జరిపినప్పుడు మీరు థ్రాటిల్‌ను నేరుగా తెరుస్తున్నారని చాలామంది అనుకుంటారు. చాలా యంత్రాల్లో అలా జరగదు. ఆ కేబుల్ ఒక స్ప్రింగును లాగుతుంది, అంతవరకే. ఆ స్ప్రింగు గవర్నర్ లీవరును థ్రాటిల్ తెరిచే వైపు లాగుతుంది. ఇంజిన్ లోపల, ఆయిలులో మునిగి ఒక పళ్లచక్రం తిరుగుతుంటుంది. దాని మీద చిన్న బరువులు అమర్చి ఉంటాయి. రంగులరాట్నం కుర్చీలు వేగం పెరిగే కొద్దీ బయటికి విచ్చుకున్నట్టే ఈ బరువులూ విచ్చుకుంటాయి. అలా విచ్చుకుంటూ ఒక చిన్న గిన్నెలాంటి భాగాన్ని ముందుకు నెడతాయి. అది క్రాంక్‌కేసులోంచి బయటికి పొడుచుకు వచ్చిన సన్నని షాఫ్టును తిప్పుతుంది. ఆ షాఫ్టుకు బిగించినదే బయట మనకు కనిపించే గవర్నర్ లీవరు. దాన్నుంచి ఒక కడ్డీ కార్బ్యురేటర్ మీది థ్రాటిల్ చెవి (థ్రాటిల్‌ను తిప్పే చిన్న రేకు) దాకా వెళ్తుంది.

కాబట్టి స్ప్రింగు ఎప్పుడూ తెరవాలని చూస్తుంది, బరువులు ఎప్పుడూ మూయాలని చూస్తాయి. రెండు బలాలూ సరితూగిన చోట ఇంజిన్ వేగం నిలబడుతుంది. గడ్డి దట్టమైతే వేగం కాస్త పడుతుంది, బరువులు ముడుచుకుంటాయి, స్ప్రింగు థ్రాటిల్‌ను ఇంకొంచెం తెరుస్తుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఈ సర్దుబాటు జరుగుతూనే ఉంటుంది.

ఇందులోంచి మీకు వెంటనే పనికొచ్చే సంగతి ఒకటి తేలుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు, చేతి లీవరు కుందేలు దగ్గర ఉంటే, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని ఉండటం సహజం. బరువులు తిరగడం లేదు కాబట్టి ఎదురు లాగేది ఏదీ లేదు. దాన్ని చూసి థ్రాటిల్ ఇరుక్కుపోయిందని కార్బ్యురేటర్ మార్చేసిన వాళ్లు ఉన్నారు. ఇంజిన్ అందుకోగానే అది మూసుకోవడం మొదలుపెట్టాలి. మీ విషయంలో ఆ మూసే పనే జరగడం లేదు. మూసే బలం లోపలే పుట్టడం లేదా, పుట్టినా థ్రాటిల్ దాకా చేరడం లేదా, చేరినా స్ప్రింగు దాన్ని మించిపోతోందా అన్నదే ఇక మనం తేల్చాల్సింది.

చేత్తో చేసే పరీక్ష

యంత్రాన్ని చదునైన చోట నిలిపి, పార్కింగ్ బ్రేకు వేసి, బ్లేడు క్లచ్ విడిపించి పెట్టండి. ఇంకొకరిని సీటులో కూర్చోబెట్టండి. బ్రేకు పెడల్ తొక్కి, చెయ్యి తాళం మీదే ఉంచమనండి. సీటులో ఎవరూ లేకపోతే ఇంజిన్‌ను ఆపేసే సీటు స్విచ్చును తీగతో కలిపేసే అడ్డదారి వద్దు. మీరు బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ మీద థ్రాటిల్ చెవి ఎక్కడుందో చూసుకుని, పొడుగాటి స్క్రూడ్రైవరుతో దాన్ని మూసుకునే దిశలో నెట్టి పట్టుకోండి. సైలెన్సర్‌కు, పైన తిరిగే జల్లెడకు చెయ్యి దూరంగా ఉండాలి. వదులు చొక్కా చేతులుంటే మడిచేయండి. ఇప్పుడు స్టార్ట్ చేయమనండి.

మీరు మూసి పట్టుకున్నంతసేపు ఇంజిన్ నెమ్మదిగా తిరిగి, వదలగానే పైకి దూకితే, కార్బ్యురేటర్‌లో దోషం లేదు. తప్పు పూర్తిగా గవర్నర్ వైపు ఉంది. నెమ్మదిగా ఉన్నప్పుడే ఇంకొకటి గమనించండి. థ్రాటిల్‌ను రవ్వంత తెరిచి చూడండి. గవర్నర్ బతికే ఉంటే, వేగం పెరిగే కొద్దీ లీవరు మీ చేతికి ఎదురు నెట్టడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ నెట్టుడు గవర్నర్ లీవరులో ఉండి థ్రాటిల్ చెవికి రాకపోతే మధ్యలో లింకు తెగింది. గవర్నర్ లీవరు దగ్గరే చలనం లేకపోతే అది షాఫ్టు మీద జారుతోంది, లేదా లోపల చక్రం పోయింది. ఈ పరీక్ష కొద్ది క్షణాల పని. తెలుసుకోగానే ఆపేయండి.

థ్రాటిల్ పూర్తిగా మూసినా వేగం తగ్గకపోతే గాలి వేరే దారిన లోపలికి పోతోంది. కార్బ్యురేటర్‌కు, ఇన్‌టేక్‌ గొట్టానికి మధ్య గ్యాస్కెట్ చిరిగిందా, బిగింపు బోల్టులు వదులా, థ్రాటిల్ ప్లేటును పట్టి ఉంచే చిన్న స్క్రూలు ఊడాయా, శుభ్రం చేశాక ఆ ప్లేటును తిరగేసి బిగించారా అని చూడండి. దాని అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి, తిరగబడితే పూర్తిగా మూసుకోదు. అయితే ఒక్క గాలి లీకేజీతో ఇంజిన్ మీరు చెప్పినంత వేగానికి వెళ్లడం అరుదు. గాలికి తగ్గ పెట్రోలు కూడా రావాలి కదా. కార్బ్యురేటర్‌ను తప్పించుకుని దొంగదారిన వచ్చే గాలి పెట్రోలును మోసుకురాదు. అందుకే లీకేజీ ఉన్న ఇంజిన్ ఐడిల్‌లో కాస్త ఎక్కువ వేగంగా తిరుగుతుంది, లేదా ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. పైకప్పు ఎగిరిపోయేలా అరవదు.

ముందు కడ్డీ, తర్వాత స్ప్రింగు

ఇక నుంచి ఇంజిన్ ఆపి, తాళం తీసి, ప్లగ్గు తీగ లాగేసి చేయాల్సిన పని.

గవర్నర్ లీవరు నుంచి కార్బ్యురేటర్‌కు రెండు వస్తువులు వెళ్తాయి. ఒకటి గట్టి కడ్డీ, చివర్లు ఇంగ్లీషు జెడ్ అక్షరంలా వంచి ఉంటాయి. చాలా ఇంజిన్లలో దాని పక్కనే జుట్టంత సన్నని స్ప్రింగు ఒకటి ఉంటుంది. కడ్డీ రంధ్రాల్లో వదులుగా ఆడకుండా పట్టి ఉంచడం దాని పని. ఇవి కాక మూడోది అసలైన గవర్నర్ స్ప్రింగు. అది కార్బ్యురేటర్‌కు వెళ్లదు. గవర్నర్ లీవరు నుంచి కేబుల్ వచ్చే బ్రాకెట్టుకు వెళ్తుంది. కార్బ్యురేటర్ బిగించేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు ఈ పెద్ద స్ప్రింగును నేరుగా థ్రాటిల్ చెవికి తగిలించడం. అప్పుడు గవర్నర్ ప్రమేయం లేకుండా స్ప్రింగు ఒక్కటే థ్రాటిల్‌ను బార్లా తెరిచి పట్టుకుంటుంది. ఐడిల్ స్క్రూ ఎంత తిప్పినా తేడా రాకపోవడానికి ఇది చక్కని కారణం. ఐడిల్ స్క్రూ థ్రాటిల్ మూసుకున్నాక తగిలే అడ్డు మాత్రమే. అసలు మూసుకోని థ్రాటిల్‌కు అది ఎప్పటికీ తగలదు. మీరు చెప్పిన లక్షణాల్లో నాకు ఎక్కువ అనుమానం కలిగించింది ఇదే.

ఏ రంధ్రం ఏది అన్న సందేహానికి మంచి సాక్ష్యం లీవరు మీదే ఉంటుంది. గుడ్డతో మురికి తుడిచి, టార్చి పక్కనుంచి వేసి రంధ్రాల అంచులు చూడండి. ఏళ్ల తరబడి కడ్డీ ఆడిన రంధ్రం ఒక వైపు కాస్త కోలగా అరిగి, లోపలి అంచు వెండిలా మెరుస్తూ ఉంటుంది. వాడని రంధ్రాల్లో పాత పూత, దుమ్ము అలాగే ఉంటాయి. స్ప్రింగు కొక్కెం లోపలి వంపులో కూడా అలాంటి మెరుపు గీత ఉంటుంది. ఆ రెండు మెరుపులూ కలిసేట్టు తగిలిస్తే చాలావరకు సరైన చోటే పడుతుంది. ఆ తర్వాత మీ మోడల్ పుస్తకంలోని బొమ్మతో పోల్చుకోండి.

రంధ్రం మారితే వేగం ఎందుకు మారుతుందంటే, షాఫ్టు నుంచి దూరంగా ఉన్న రంధ్రంలో స్ప్రింగు తగిలిస్తే దానికి పట్టు ఎక్కువ, బరువులు దాన్ని ఓడించడానికి ఇంజిన్ ఇంకా వేగంగా తిరగాలి. దగ్గరి రంధ్రంలో వేస్తే వేగం తగ్గుతుంది, కానీ గవర్నర్ మరీ చురుకై ఇంజిన్ ఊగడం మొదలవుతుంది. అందుకే తయారీదారు చెప్పిన రంధ్రం వదిలి ప్రయోగాలు చేయవద్దని నా సలహా.

స్ప్రింగు విషయంలోనూ అంతే. చూడటానికి అచ్చం అలాగే ఉన్న స్ప్రింగును పాత డబ్బాలోంచి తీసి వేసిన ఇంజిన్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. పొడవు సరిపోయింది, కొక్కేలు సరిపోయాయి. తీగ మందం మాత్రం కొంచెం ఎక్కువ. ఆ కొంచానికే ఇంజిన్ గరిష్ఠ వేగం బాగా పైకి పోయింది. గవర్నర్ స్ప్రింగును ఇంజిన్ మోడల్ నంబరు, టైప్ నంబరు చూసి, పార్టు నంబరుతోనే కొనాలి. ఒకే ఇంజిన్ మోడల్‌లో కూడా టైప్ నంబరును బట్టి స్ప్రింగు మారుతుంది. ఎందుకంటే ఆ ఇంజిన్ ఎంత వేగంతో తిరగాలో అది బిగించిన యంత్రాన్ని బట్టి నిర్ణయిస్తారు.

ఇవన్నీ సరిగా ఉంటే, ఇంజిన్ ఆగి ఉండగానే థ్రాటిల్ చెవిని చేత్తో ఆ చివర నుంచి ఈ చివరకు ఆడించండి. ఎక్కడా పట్టేయకూడదు. కార్బ్యురేటర్ కడిగినప్పుడు కరగని జిగురు థ్రాటిల్ షాఫ్టు మీద మిగిలితే, తెరుచుకున్న చోటే అతుక్కుపోతుంది. కడ్డీ కొద్దిగా వంగినా, ఎయిర్ ఫిల్టర్ పెట్టె అంచుకు రాసుకుంటున్నా అదే గతి. ఫిల్టర్ పెట్టె బిగించాక మరోసారి ఆడించి చూడండి. అది విప్పి ఉన్నప్పుడు బాగా ఆడి, బిగించగానే పట్టేసే ఇంజిన్లు చాలా ఉంటాయి.

చాలాకాలం పక్కన పడి ఉన్న యంత్రమంటున్నారు కాబట్టి ఇంకో మాట. ఫ్లైవీలు మీది డొప్ప విప్పి లోపల చూడండి. ఎలుకలు గూడు కట్టే చోటు అది. ఎండుగడ్డి, పీచు, నమిలిన స్పాంజి ముక్కలు గవర్నర్ లీవరు వెనక కుక్కి ఉంటే లీవరు మూసే వైపు కదలడానికి చోటు ఉండదు. దీన్ని శుభ్రం చేయడం వేగం కోసమే కాదు. సిలిండర్ రెక్కల మధ్య ఆ చెత్త ఉంటే ఇంజిన్ చల్లబడదు.

గవర్నర్ లీవరు జారి ఉంటే

లీవరు షాఫ్టుకు ఒక నట్టు, బోల్టుతో పట్టుబిగువుగా కూర్చుంటుంది. ఆ నట్టు వదులైనా, కార్బ్యురేటర్ తీసేటప్పుడు అడ్డొస్తోందని ఎవరైనా విప్పినా, లీవరుకూ షాఫ్టుకూ మధ్య కోణం మారిపోతుంది. లోపల బరువులు సరిగానే నెడుతుంటాయి, షాఫ్టు తిరుగుతుంటుంది, కానీ ఆ కదలిక థ్రాటిల్ మూసేంతగా ఉండదు. సరిచేసే పద్ధతి సులభం, అయితే దిశ తప్పితే పరిస్థితి ఇంకా చెడుతుంది. నెమ్మదిగా చదవండి.

చేతి లీవరును కుందేలు బొమ్మ దగ్గర పెట్టండి. గవర్నర్ లీవరు నట్టును షాఫ్టు విడిగా తిరిగేంత వరకే వదులు చేయండి, పూర్తిగా తీయవద్దు. ఇప్పుడు లీవరును థ్రాటిల్ పూర్తిగా తెరుచుకునే వైపు నెట్టి అక్కడే పట్టుకోండి. అది ఏ దిశలో తిరిగిందో గమనించండి. షాఫ్టును కూడా అదే దిశలో, ఇక కదలనంటూ ఆగేదాకా తిప్పండి. షాఫ్టు కొనలో గాడి ఉంటే స్క్రూడ్రైవరు, అడ్డంగా రంధ్రం ఉంటే మేకు, చదునుగా చెక్కి ఉంటే ప్లయర్ పనికొస్తాయి. బలం వద్దు, ఆగింది అనిపిస్తే చాలు. లోపలి భాగం ప్లాస్టిక్‌ది. రెండింటినీ ఆ స్థితిలోనే పట్టుకుని నట్టు బిగించండి. బిగించేటప్పుడు లీవరు వెనక్కి జరగడం మామూలే. జరిగితే మళ్లీ మొదలుపెట్టాలి.

దీని భావం ఏమిటంటే, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు బరువులు పూర్తిగా ముడుచుకుని ఉండాలి. మధ్యలో వృథా ఆట లేకుండా, బరువులు కదిలిన మొదటి క్షణం నుంచే థ్రాటిల్ మూసుకోవడం మొదలుకావాలి. చాలా ఇంజిన్లకు పైన చెప్పిన దిశ సూత్రం వర్తిస్తుంది. అయినా మీ ఇంజిన్ సర్వీసు పుస్తకంలో దిశను ఒకసారి సరిచూసుకోండి.

నట్టు వదులుగా ఉన్నప్పుడే లోపలి చక్రం సంగతి కూడా తెలుసుకోవచ్చు. షాఫ్టును రెండు వైపులా తిప్పి చూడండి. కొంత దూరం మాత్రమే ఆడి, గట్టిగా తగిలి ఆగాలి. ఎటు తిప్పినా ఆగకుండా గిర్రున చుట్టూ తిరిగితే లోపలి భాగం విరిగింది, లేదా ఊడిపోయింది. బయట ఎంత సర్దినా ఇక లాభం లేదు. ఆయిలు పారపోసి వెలుతురులో చూడండి. ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే అనుమానమే అక్కర్లేదు. ఆగడం సరిగానే ఉన్నా, పరీక్షలో లీవరు ఏమాత్రం ఎదురు నెట్టకపోతే పళ్లు అరిగి చక్రం తిరగడం లేదని అర్థం. నిలువు షాఫ్టు ఇంజిన్లలో ఈ చక్రం అడుగు మూత దగ్గర ఉంటుంది కాబట్టి, ఇంజిన్‌ను యంత్రం మీద నుంచి దించి అడుగు విప్పాలి. చక్రం ఖరీదైన వస్తువు కాదు, శ్రమే ఎక్కువ. విరిగిన ముక్కలన్నీ ఏరి బయటికి తీయకుండా మూత మాత్రం పెట్టవద్దు. ఒక్క ముక్క ఆయిలు పంపు జల్లెడకు అడ్డుపడినా ఇంజిన్ బిగుసుకుపోతుంది.

కేబుల్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. క్లిప్పు జారి కేబుల్ ముందుకు వచ్చి ఉంటే తాబేలు దగ్గర కూడా స్ప్రింగు సాగే ఉంటుంది. చాలా బ్రాకెట్లలో కుందేలు స్థానానికి గుర్తుగా రెండు రంధ్రాలు ఒకదాని మీద ఒకటి వచ్చే ఏర్పాటు ఉంటుంది. వాటిలో ఒక డ్రిల్ బిట్టు దూర్చి, చేతి లీవరు కుందేలు దగ్గర పెట్టి, క్లిప్పు బిగిస్తే సరి.

వేగాన్ని చెవితో కాదు, మీటరుతో కొలవండి

గవర్నర్ పట్టులోకి వచ్చాక గరిష్ఠ వేగాన్ని సరిచేయాలి. దీనికి టాకోమీటర్ తప్పనిసరి. సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడితే మామూలు వేగమే రెండింతల గోలగా వినిపిస్తుంది. అలాంటి ఇంజిన్‌కు వేగం తగ్గించీ తగ్గించీ కోత చెడగొట్టుకున్న వాళ్లను చూశాను. ప్లగ్గు తీగకు చుట్టే చిన్న మీటరు చాలు. అయితే దాని అమరిక చూసుకోండి. ఇవి నాలుగు స్ట్రోకుల ఇంజిన్లే అయినా, ఫ్లైవీలు అయస్కాంతంతో నిప్పురవ్వ పుట్టే ఏర్పాటు కావడం వల్ల దాదాపు అన్నింటిలోనూ ప్రతి చుట్టుకూ ఒక రవ్వ వస్తుంది. మీటరు రెండు చుట్లకు ఒక రవ్వ అన్న అమరికలో ఉంటే అసలు వేగానికి రెట్టింపు చూపిస్తుంది. 7,000 పైన అంకె కనిపిస్తే కంగారు పడకుండా ముందు మీటరును సరిచేయండి.

ఇంజిన్ బాగా వేడెక్కాక, బ్లేడు విడిపించి, లీవరు కుందేలు దగ్గర పెట్టి కొలవండి. మీ యంత్రం పుస్తకంలో ఇచ్చిన అంకె దాటితే, కొన్ని ఇంజిన్లలో బ్రాకెట్టు మీది గరిష్ఠ వేగం స్క్రూ తిప్పాలి. ఇంకొన్నింటిలో స్ప్రింగు తగిలించిన చిన్న రేకు చెవిని వంచాలి. స్ప్రింగు వదులయ్యే వైపు పోతే వేగం తగ్గుతుంది. ఇది పది పన్నెండు చుట్ల తేడా పట్టించుకునే పని కాదు, కానీ హద్దు దాటి పైకి మాత్రం పెట్టవద్దు. కోత బాగా రావడం లేదని వేగం పెంచమని అడిగే వాళ్లకు నేను చెప్పేది ఒకటే, బ్లేడు సానపెట్టండి.

మీ ఇంజిన్ నిలకడగా ఎక్కువ వేగంతో కాక, హుం, హుం అంటూ ఎక్కుతూ దిగుతూ ఉంటే అది వేరే జబ్బు. అక్కడ గవర్నర్ తన పని తాను చేస్తోంది. పెట్రోలు చాలక ఇంజిన్ పడిపోవడం, గవర్నర్ లేపడం, మళ్లీ పడిపోవడం. దానికి కార్బ్యురేటర్ జెట్‌లోని సన్న రంధ్రాలు, గ్యాస్కెట్ లీకేజీ చూడాలి. ఈ రెండు జబ్బులనూ కలగాపులగం చేసుకోవడం వల్లే మంచి గవర్నర్ సర్దుబాట్లు చాలా చెడిపోతాయి. మరో మాట, కొత్త ఇంజిన్లలో కొన్నింటికి ఈ స్ప్రింగు, లీవరు ఏవీ ఉండవు. ఒక చిన్న మోటారు థ్రాటిల్‌ను తిప్పుతుంది, కంప్యూటర్ వేగాన్ని చూసుకుంటుంది. మీది అలాంటిదైతే పైన చెప్పినవేవీ వర్తించవు, దాని లోపం కోడ్ చదివించాలి.

చివరగా, వేగం అదుపులోకి రాగానే నేరుగా కోతకు దిగకండి. ఆ ఇంజిన్ ఎంతసేపు పైవేగంలో తిరిగిందో తెలియదు కాబట్టి, ఆయిలు మార్చి అందులో లోహపు మెరుపు ఉందేమో చూడండి. నెమ్మది వేగంలో కిందినుంచి టకటకమని శబ్దం వస్తే కనెక్టింగ్ రాడ్డు దెబ్బతిన్నట్టే, అక్కడితో ఆపేయాలి. డొప్ప విప్పారు కాబట్టి ఫ్లైవీలు రెక్కల మధ్య, నడుమ రంధ్రం చుట్టూ టార్చితో వెతకండి. వెంట్రుకంత బీట కనిపించినా దాన్ని వాడవద్దు. ఈ మధ్యలో బ్లేడు కూడా తిప్పి ఉంటే బ్లేడు, దాని బోల్టు, బెల్టు విప్పి చూసి, సందేహం ఉన్నది మార్చి, అప్పుడు మొదటి వరుస కోయండి.